ఎముకకు అంటుకట్టిన మహనీయుడు: సర్ విలియం మెక్యూయెన్

మామిడికి అంటు కట్టడం మా ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మనిషి ఎముకకు కూడా అంటు కట్టవచ్చునన్న సంగతి మాత్రం, మా అన్నయ్య కాలు విరిగేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు ధాన్యం బస్తాల ట్రాలీ ఒరిగి అన్నయ్య కాలిమీద పడింది. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. కట్టు కట్టించి పదిహేను రోజులు ఇంట్లోనే పడుకోబెట్టాము. అది మా తెలివితక్కువ. చీము పట్టింది. ఆసుపత్రికి తీసుకుపోతే చచ్చిన ఎముక ఒకటిన్నర అంగుళం తీసేశారు. మధ్యలో ఖాళీ మిగిలింది. అక్కడి డాక్టరుగారు కాలు తీసెయ్యడమే మేలన్నారు. చెట్టుకు కట్టినట్టు ఎముకకు అంటు కట్టలేరా బాబూ అని మా అమ్మ అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గేసింది.

డిగ్రీలో చేరాక లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే, మా అమ్మ ప్రశ్నకు 1880 నాటికే జవాబు చెప్పిన మనిషి ఒకాయన కనిపించాడు. ఆయనే విలియం మెక్యూయెన్.

స్కాట్లండు పడమటి తీరాన బ్యూట్ అనే చిన్న దీవి ఉంది. ఆ దీవిలోని రోత్సే పట్నంలో 1848 జూన్ 22న ఆయన పుట్టాడు. పన్నెండుగురు సంతానంలో కడగొట్టువాడు. తండ్రి పడవల మీద సరుకు రవాణా చేసే వర్తకుడు. తరువాత కుటుంబం గ్లాస్గో నగరానికి చేరింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మెక్యూయెన్ వైద్యం చదివే రోజుల్లో అక్కడ శస్త్రచికిత్స ఆచార్యుడు జోసెఫ్ లిస్టర్. పుండు కుళ్ళడానికి కారణం సూక్ష్మజీవులేనని, కార్బాలిక్ ఆమ్లంతో వాటిని చంపవచ్చునని లిస్టర్ 1867లో లోకానికి చాటాడు. ఆ పాఠం శిష్యుడి మనసులో బాగా నాటుకుంది. మెక్యూయెన్ తన చేతులు, పనిముట్లు, చివరకు తొడుక్కునే అంగీ కూడా శుభ్రం చేసుకున్నాకే కత్తి పట్టేవాడు. ఈ శుభ్రతే లేకపోతే తరువాత కథ ఏదీ జరిగేది కాదు.

ఆనాటి గ్లాస్గో పొగ గొట్టాల ఊరు. ఇరుకు సందుల్లో ఎండ పడేది కాదు. పేదపిల్లలకు సరైన తిండి లేదు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు వచ్చి కాళ్ళు వంకర్లు పోయేవి. ఎండ, విటమిన్ డి లోపమే అందుకు మూలమని 1920 ప్రాంతంలో గాని తేలలేదు. మన నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లల్ని చూసినవారికి ఆ దృశ్యం సులభంగానే అర్థమవుతుంది. కారణం వేరు గాని కష్టం ఒకటే. మెక్యూయెన్ ఇలాంటి కాళ్ళను వందలకొద్దీ సరిచేశాడు. మోకాలికి కొంచెం పైన తొడ ఎముకను ఉలితో కోసి, నిటారుగా నిలిపి కట్టు కట్టేవాడు. వడ్రంగి ఉలికి ఒకవైపే వాలు ఉంటుంది. ఈయన రెండువైపులా వాలు ఉండే ఉలిని తయారుచేయించాడు. ఆ పనిముట్టు ఆయన పేరుతోనే నిలిచింది.

ఇక అసలు ఘట్టం. 1878లో మూడు నాలుగేళ్ళ కుర్రవాడిని ఆయన దగ్గరకు తెచ్చారు. జబ్బ ఎముక సగానికి పైగా చీము పట్టి చచ్చిపోయింది. దాన్ని తీసేశాక ఏడాదికి పైగా ఎదురుచూసినా కొత్త ఎముక రాలేదు. చెయ్యి తాడులాగా వేలాడుతోంది. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తట్టింది. వంకర కాళ్ళు సరిచేసేటప్పుడు రోజూ కోసి పారేస్తున్న ఎముక ముక్కలు ఉన్నాయి కదా! ఆ పిల్లల కాళ్ళలోంచి తీసిన ముక్కల్నే, చెరకు ముచ్చెలు కొట్టినట్టు చిన్న చిన్నవిగా కొట్టి, ఈ కుర్రవాడి చేతిలోని ఖాళీలో పేర్చాడు. విడతలు విడతలుగా ఆపరేషన్లు చేశాడు. ముక్కలు అతుక్కున్నాయి, చెయ్యి గట్టిపడింది. 1881లో ఈ విషయం లండన్ రాయల్ సొసైటీ ముందుకు వచ్చింది. ఒక మనిషి ఎముకను ఇంకొక మనిషికి అమర్చి సఫలమవడం చరిత్రలో అదే మొదలని చెప్పుకుంటారు. ఆ కుర్రవాడు పెద్దవాడై ఆ చేత్తోనే పనిచేసుకుని బతికాడు.

మెదడులోని గడ్డను తీయడం, మత్తు ఇచ్చేటప్పుడు నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేయడం వంటి ఘనకార్యాలు ఇంకా ఉన్నాయి గాని, వాటికి వేరే వ్యాసం కావాలి. 1892లో తన గురువు కూర్చున్న ఆచార్య పీఠమే ఆయనకు దక్కింది. 1902లో సర్ బిరుదు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్ళు చేతులు పోగొట్టుకున్న సిపాయిల కోసం 1916లో ఎర్‌స్కిన్ ఆసుపత్రి నెలకొల్పడంలో ముందు నిలిచి, క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే పనివాళ్ళ చేత కృత్రిమ అవయవాలు చేయించాడు.

ఇంత గొప్పవాడూ ఒకచోట పొరబడ్డాడు. ఎముకను పుట్టించేది దానిమీది పొర అని ఫ్రాన్సు దేశపు ఒలియే వాదించేవాడు. కాదు, పొర ఉత్త కంచె వంటిది, ఎముకలోని కణాలే ఎముకను కడతాయని మెక్యూయెన్ వాదన. 1912లో ఎముక పెరుగుదలపై గ్రంథమే రాశాడు. ఎముకను కట్టేది కణాలేనన్న మాట నిజమే. అయితే ఆ పొర లోపలి అరలోనూ, మూలుగలోనూ మూలకణాలు ఉంటాయని తరువాత తెలిసింది. పరాయి ముక్కలోని కణాలు చాలావరకు చచ్చిపోతాయి. ఆ ముక్క పందిరి మాత్రమే. రోగి సొంత కణాలు, రక్తనాళాలు ఆ పందిరి మీదికి పాకి, పాతదాన్ని తింటూ కొత్త ఎముక కడతాయి. ఆయన చేసిన పని సరైనదే, చెప్పిన కారణం సగమే సరైనది. ఈ సంగతి తెలిశాక నాకు ఆయనమీద గౌరవం తగ్గలేదు, దగ్గరివాడనిపించాడు.

ఈనాటి పరిశోధన అంతా ఆ పందిరి చుట్టూనే తిరుగుతోంది. 1965లో అమెరికాలో యూరిస్ట్, సున్నం తీసేసిన ఎముకను కండలో పెడితే అక్కడా ఎముక పుడుతుందని చూపాడు. అందుకు కారణమైన ప్రొటీన్లలో ఒకదానికి 2002లో అక్కడ అనుమతి వచ్చింది. రష్యాలో ఫ్రీడెన్‌స్టయిన్ మూలుగలో ఎముకను కట్టగల కణాలున్నాయని నిరూపించాడు. 1969లో హెంచ్ ఎముకకు అతుక్కునే గాజును తయారుచేశాడు. కాల్షియం ఫాస్ఫేటుతో చిల్లుల చిల్లుల దిమ్మెలూ వచ్చాయి. మూలకణం విత్తనం, దిమ్మె పందిరి, ప్రొటీను ఎరువు. కాని నీరు అందకపోతే పైరు ఎండినట్టే, పెద్ద ఖాళీల్లో నడిమధ్యకు రక్తం అందక కణాలు చస్తున్నాయి. ఆ చిక్కు ఇంకా పూర్తిగా తీరలేదు.

ముసలితనంలో మెక్యూయెన్ తన బ్యూట్ దీవిలో గారొక్టీ అనేచోట వ్యవసాయం చేయించాడు. ఏటేటా రాలి మళ్ళీ మొలిచే దుప్పి కొమ్ముల్ని పరిశీలించి 1920లో ఒక పుస్తకం వేశాడు. 1924 మార్చిలో కన్నుమూశాడు. ఆ ముచ్చట అక్కడితో ఆగలేదు. 2023లో చైనా శాస్త్రజ్ఞులు కొమ్ము మూలకణాలను ఎలుకల తలమీద పెడితే కొమ్మువంటి ఎముక మొలిచింది!

మా అన్నయ్య కాలు పోలేదు. వేరే ఊళ్ళో ఇంకొక డాక్టరుగారు తుంటి ఎముక ముక్కలు తీసి ఆ ఖాళీలో పెట్టారు. ఏడాదిన్నర పట్టింది. కొంచెం కుంటుతాడు గాని పొలం పోతున్నాడు. అమ్మకు మెక్యూయెన్ కథ చెప్పాను. అంతా విని, ఆయనా సేద్యం చేసినవాడేనన్నమాట అని తల ఊపి, గేదెలకు మేత వెయ్యడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణని మాత్రం ఇంతవరకు అమ్మకు చెప్పలేదు.

— బి.ఎస్సీ. (బి.జెడ్.సి.) ఆఖరి సంవత్సరం విద్యార్థి