మీనాక్షి గుడికి మాన్యాలు తిరిగిచ్చిన ఖాన్ సాహెబ్

మదురై పడమటి శివారు సమ్మట్టిపురంలో చిన్న దర్గా ఒకటుంది. అక్కడ ఉన్నది మహమ్మద్ యూసుఫ్ ఖాన్ సమాధి. జనం నోట ఖాన్ సాహెబ్. కమల్ హాసన్ 1997లో మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన ‘మరుదనాయగం’ సినిమా ఇతని కథే.

రామనాథపురం సీమలోని పనైయూరులో హిందూ కుటుంబంలో పుట్టాడు. చిన్న వయసులోనే ఇస్లాం స్వీకరించాడు. ఇంగ్లిషు కంపెనీ సైన్యంలో సిపాయిల కమాండెంటయ్యాడు. పోర్చుగీసు సంతతి క్రైస్తవ యువతిని పెళ్లాడాడు.

అప్పటికి మదురై అల్లకల్లోలంగా ఉంది. తెలుగు నాయకుల ఏలుబడి 1736లో చందా సాహెబ్ దెబ్బకు ముగిసింది. ఆ తర్వాత ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే ఊరు. గుడి భూములు అన్యాక్రాంతమయ్యాయి. ఒక ఫకీరు మీనాక్షి గుడి మీదే దర్గా కట్టబోతే ఊరు భగ్గుమందని చెబుతారు. యూసుఫ్ ఖాన్ అతణ్ని వెళ్లగొట్టాడు. గుడికి ఆస్తులు తిరిగి ఇప్పించాడు. మతంలో బలవంతం కూడదన్నది ఇస్లాం నియమం. తానొక మతం, జనంలో ఎక్కువమంది మరో మతం అయిన చోట ఖాన్ సాహెబ్ పాలన ఆ నియమానికి తగ్గట్టే సాగింది.

అలాగని మెతక మనిషేం కాదు. 1759లో మదురై, తిరునెల్వేలి పాలన చేతికొచ్చాక పన్నులు కట్టని పాళెగాళ్లను గట్టిగా అణిచాడు. 1761లో పూలితేవరు కోటల్ని పట్టుకున్నాడు. చెరువులు, కాలువలు బాగు చేయించాడు. బందిపోట్ల బెడద తగ్గించాడు.

అతని పలుకుబడి పెరిగేకొద్దీ ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీకి కంటగింపైంది. 1911 దాకా మన చిత్తూరు ముఖ్యపట్నంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాకు ఆ పేరొచ్చింది ఈ ఆర్కాటు నుంచే. కంపెనీ నవాబు పక్షం వహించింది. 1763లో ఖాన్ సాహెబ్ తిరగబడ్డాడు. ఇద్దరి సైన్యాలూ కలిసి మదురై కోటను ముట్టడించాయి. నెలల తరబడి కోట లొంగలేదు. చివరికి సొంత కొలువులోని శ్రీనివాసరావు, ఫ్రెంచి అధికారి మర్షాన్ కలిసి, నమాజులో ఉండగా అతణ్ని పట్టిచ్చారు. 1764 అక్టోబరు 15న నవాబు ఉరి తీయించాడు.

నవాబుదీ ఇస్లామే, ఖాన్ సాహెబుదీ ఇస్లామే. మతం ఒకటైనా ఉరి తప్పలేదు. గుడికి అతను చేసిన మేలును మాత్రం మదురై మర్చిపోలేదు. కాన్సామేట్టు వీధి పేరులో ఖాన్ సాహెబ్ ఇప్పటికీ ఉన్నాడు.