సైకిలు గొట్టంలో దాగిన ప్రాణాలు

సైకిలు మీకు కొత్త వస్తువు కాదు. మైపాడు, తుమ్మలపెంట వంటి తీరగ్రామాల నుంచి చేపల గంపలను ఊళ్ళకు చేర్చింది సైకిలే. ఒక ఊరిలో జపం చెప్పించిన ఉపదేశిగారిని మరో ఊరికి మోసుకుపోయిందీ సైకిలే. మన తీరమంతా బల్లపరుపు నేల. సముద్రపు గాలి ఎదురు కొట్టినప్పుడు తప్ప ఇక్కడ తొక్కేవారికి పెద్ద కష్టం ఉండదు. పడమరగా ఉదయగిరి వైపు వెళితే గాని ఎత్తు అంటే ఏమిటో మన కాళ్ళకు తెలియదు. ఈ వారం మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి చిన్ననాటి నుంచి అటువంటి ఎత్తుపల్లాల దారుల్లోనే సైకిలు తొక్కాడు. లోకం ఆయనను గొప్ప పందెగాడుగా ఎరుగును. అంతకంటె గొప్ప పని ఒకటి ఆయన చేసి, దాన్ని దాచుకున్నాడు. ఆయన పేరు జీనో బర్తాలి.

1914 జూలై 18న ఇటలీ దేశంలో, ఫ్లోరెన్సు నగరానికి ఆనుకుని ఉన్న పోంటె ఆ ఎమా అనే పల్లెలో బర్తాలి జన్మించాడు. తండ్రి తొరెల్లో దినకూలీ. తల్లి జూలియా. ఇద్దరు అక్కలు, జూలియో అనే తమ్ముడు. ఆ పల్లెకు దక్షిణాన కియాంతి కొండలు మొదలవుతాయి. మనకు వరిమళ్ళు ఎలాగో, వారికి ద్రాక్షతోటలు అలాగ. కొండవాలు మీద వరుసలు వరుసలుగా ద్రాక్షతీగెలు, వాటి పక్కన ఒలీవ చెట్లు, వాటి మధ్యన తెల్లని కంకర రోడ్లు. ఆ రోడ్లు ఒక గుట్ట ఎక్కి, దిగి, వెంటనే మరో గుట్ట ఎక్కుతాయి. బండ్ల సందడి తక్కువ. 1997 నుంచి గయోలె అనే ఊరిలో పాతకాలపు సైకిళ్ళతో ఏటేటా ఒక యాత్ర జరుగుతున్నది. ఆ ప్రశాంతమైన దారుల కోసమే ఎన్నో దేశాలవారు అక్కడికి వస్తారు.

అయిదో తరగతి దాటిన పిల్లవాడు పై చదువుకు ఫ్లోరెన్సు వెళ్ళాలంటే సైకిలు కావాలి. కూలి కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. పైసా పైసా కూడబెట్టి పాత సైకిలు కొన్నారు. తరువాత బర్తాలి ఊరిలోని సైకిలు రిపేరు షాపులో పనికి కుదిరాడు. యజమానితో పాటు కొండలెక్కుతుంటే ఈ కుర్రవాడు అందరికంటె ముందుంటున్నాడు. పందేలంటే ఇష్టం లేని తండ్రిని ఆ యజమానే ఒప్పించాడు. 1935లో బర్తాలి వృత్తి పందెగాడయ్యాడు. 1936లో ఇటలీ దేశమంతా చుట్టివచ్చే జీరో పందెం గెలిచాడు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలువలేదు. ఆ జూన్ నెలలోనే తమ్ముడు జూలియో ఒక పందెంలో కారు ఢీకొని మరణించాడు. అన్నను చూసి సైకిలెక్కిన తమ్ముడు! ఇక పందేలు వద్దనుకుని బర్తాలి కొంతకాలం ఆగిపోయాడు. కుటుంబం, స్నేహితులు నచ్చచెప్పగా మళ్ళీ తొక్కాడు గాని, ఆ గాయం ఆయనను ప్రార్థన వైపు మరింత లోతుగా తిప్పింది. చిన్నప్పటి నుంచే కథోలిక కార్యసభ సభ్యుడైన ఆయన, కర్మెలు మూడవ సభలో గృహస్థ సభ్యుడిగా చేరాడు. పునీత చిన్న తెరేసమ్మ పట్ల ఆయనకు ప్రత్యేక భక్తి. పత్రికలవారు భక్తుడు జీనో అని పేరు పెట్టారు. కొందరు గౌరవంగా అన్నారు, కొందరు వెక్కిరింతగా అన్నారు. ఆయన రెంటినీ పట్టించుకోలేదు.

1937లో మళ్ళీ జీరో, 1938లో ఫ్రాన్సు దేశపు టూర్ పందెం గెలిచాడు. ఇటలీని అప్పుడు పాలిస్తున్నవాడు ముస్సోలినీ. క్రీడాకారుల విజయాలన్నీ తన విజయాలుగా చాటుకోవడం ఆ పాలకుడి పద్ధతి. బర్తాలి మాత్రం ఆయనను పొగడలేదు. 1940 నవంబరులో బర్తాలికి అద్రియానాతో వివాహం జరిగింది. ఆ జంటను ఆశీర్వదించినవారు ఫ్లోరెన్సు అగ్రపీఠాధిపతి కార్డినల్ ఎలియా దల్లా కోస్తా. 1938లో హిట్లరు ఫ్లోరెన్సుకు వచ్చిన రోజున తమ నివాసపు కిటికీలు మూయించిన మహనీయులు వారు. ఈ గురువరుల స్నేహమే బర్తాలి జీవితాన్ని మలుపు తిప్పింది.

1943 సెప్టెంబరులో జర్మను సైన్యం ఇటలీని ఆక్రమించింది. యూదులను ఇళ్ళలో నుంచి లాగి, రైళ్ళకెక్కించి మరణశిబిరాలకు పంపడం మొదలైంది. ఫ్లోరెన్సులో వారిని దాచే పనిని యూదుల యువ రబ్బీ నాథన్ కస్సూతో, కార్డినల్‌గారు అప్పగించిన గురువులు కలిసి నడిపారు. మఠాలు తలుపులు తెరిచాయి. కాని దాగిన మనిషికి బయటికి రావాలంటే గుర్తింపు కార్డు కావాలి. అస్సీసి పట్టణంలో లుయీజి, త్రెంతో బ్రిత్సి అనే తండ్రీకొడుకుల అచ్చుకూటంలో రహస్యంగా కార్డులు తయారయ్యేవి. వాటి మీద దక్షిణ ఇటలీ ఊళ్ళ పేర్లు వేసేవారు. ఎందుకంటే ఆ ఊళ్ళు అప్పటికే మిత్రరాజ్యాల చేతిలో ఉన్నాయి. అక్కడి రికార్డులు తెప్పించి సరిచూడటం జర్మనులకు సాధ్యం కాదు.

ఇప్పుడు మనసు పెట్టి చూడండి. ఫోటోలు ఫ్లోరెన్సులో, అచ్చుయంత్రం అస్సీసిలో. మధ్య దూరం సుమారు 180 కిలోమీటర్లు. మనకు నెల్లూరు నుంచి చెన్నై ఎంతో, దాదాపు అంత. పైగా గుట్టల దారి. ప్రతి మలుపులో సైనికుల తనిఖీ. ఎవరు తీసుకువెళ్ళాలి? కార్డినల్‌గారు బర్తాలిని పిలిపించారు. ఆయన సైకిలు సీటు ఊడదీసి, ఫోటోలను చుట్టలు చుట్టి ఫ్రేము గొట్టంలోకి దించేవాడు. మళ్ళీ సీటు బిగించేవాడు. తన పేరున్న బనియను తొడుక్కుని సాధనకని బయలుదేరేవాడు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క రోడ్లు నిర్మానుష్యంగా ఉండేవి. ఆ ఖాళీ రోడ్డు మీద ఒంటరి సైకిలు దూరం నుంచే కంటపడుతుంది. సైనికులు ఆపితే పందేల కబుర్లు చెప్పేవాడట. ప్రతి భాగమూ వేగం కోసం సరిగ్గా అమర్చినది, సైకిలును మాత్రం ముట్టుకోవద్దని బ్రతిమాలేవాడట.

పట్టుబడితే ఏమయ్యేదో ఆయనకు తెలుసు. ఆ నవంబరులోనే రబ్బీ కస్సూతోను, ఆయనతో పనిచేస్తున్న వర్లుంగో విచారణ గురువు లేతో కసీని స్వామివారిని కలిపి అరెస్టు చేశారు. గురువు తరువాత విడుదలయ్యారు. రబ్బీని ఔష్విత్సు శిబిరానికి పంపారు. ఆయన తిరిగి రాలేదు. బర్తాలికి ఇంట్లో భార్య, 1941లో పుట్టిన పసివాడు ఆంద్రేయా. అయినా మానలేదు. పైగా గోల్డెన్‌బర్గ్ అనే యూదు కుటుంబాన్ని ఫ్లోరెన్సులోని తన ఇంటి నేలమాళిగలో దాచాడు. 1944లో ఆయనను విల్లా త్రిస్తె అనే చోటికి పిలిపించి ప్రశ్నించారు. ఆ పేరుకు శోకగృహం అని అర్థం. అక్కడ చిత్రహింసలు పెట్టించిన అధికారి ఇంటిపేరు కరితా. ఇటలీ భాషలో కరితా అంటే దైవప్రేమ! అక్కడి నుంచి బర్తాలి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ ఆగస్టులో ఫ్లోరెన్సుకు విముక్తి కలిగింది.

యుద్ధం ఆయన యవ్వనంలో అయిదేళ్ళు మింగింది. అయినా 1946లో మూడవసారి జీరో గెలిచాడు. 1948లో 34వ ఏట మళ్ళీ టూర్ పందేనికి వెళ్ళి, 21 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. ఆ జూలై 14న ఇటలీలో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి మీద కాల్పులు జరిగాయి. దేశం అంతర్యుద్ధపు అంచున నిలిచింది. మరునాడు ఆల్ప్స్ పర్వతాల్లో బర్తాలి అందరినీ వెనక్కి నెట్టి గెలిచాడు. చివరకు టూర్ కూడా ఆయనదే అయింది. ఆయన గెలుపే దేశాన్ని కాపాడిందని కథగా చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. నాయకులు ఓర్పు వహించినందువల్ల దేశం కుదుటపడింది. కాని కోపంతో ఊగిన వీధుల్లో ఆ వార్త కొంత సంతోషం నింపిన మాట నిజం.

ఈ విజయాలన్నీ పత్రికల్లో వచ్చాయి. యుద్ధకాలపు ప్రయాణాలు రాలేదు. ఆ రోజుల్లో భార్యకు కూడా ఆయన వివరం చెప్పలేదు. కుమారుడు ఆంద్రేయా పెద్దవాడయ్యాక కొంచెం కొంచెం చెప్పి, ఎవరికీ చెప్పవద్దన్నాడు. 2000 మే 5న ఆయన ఫ్లోరెన్సులో కన్నుమూశాడు. ఆ తరువాత సాక్షులు బయటికి వచ్చారు. నేలమాళిగలో దాగిన గోల్డెన్‌బర్గ్ కుటుంబపు పిల్లవాడు వృద్ధాప్యంలో సాక్ష్యమిచ్చాడు. 2013లో యెరూషలేములోని యాద్ వాషెం సంస్థ బర్తాలిని జాతులలో నీతిమంతుడిగా గుర్తించింది. కార్డినల్ దల్లా కోస్తాకు ఆ గౌరవం అంతకు ముందు ఏడాదే లభించింది. బర్తాలి వల్ల 800 మంది బ్రతికారని చాలామంది రాశారు. ఆ లెక్కను, అస్సీసి ప్రయాణాల వివరాలను ప్రశ్నించే చరిత్రకారులూ ఇటలీలో ఉన్నారు. రహస్యంగా చేసిన పనికి రసీదులు ఉండవు కదా! లెక్క మీద వాదం ఉండవచ్చు గాని, నేలమాళిగలో బ్రతికి బయటపడినవారి మాట నిలిచే ఉంది.

ప్రియ పాఠకులారా, మౌనం రెండు రకాలు. పక్కింటివారిని ఈడ్చుకుపోతుంటే తలుపు వేసుకున్నవారిది ఒక మౌనం. అది తన ప్రాణం కోసం. బర్తాలిది మరొక మౌనం. యుద్ధంలో అది ఇతరుల ప్రాణాల కోసం. యుద్ధం తరువాత ఏ ప్రమాదమూ లేదు, చెప్పుకుంటే కీర్తి వచ్చేది. అయినా ఆయన చెప్పుకోలేదు. చేసిన మంచిని అమ్ముకోకూడదని నమ్మాడు.

మన గుడులలో పంకా రెక్కల మీద కూడా దాతల పేర్లు తిరుగుతూ ఉంటాయి. తిరునాళ్ళలో నూటపదహార్లు ఇచ్చినా మైకులో పేరు వినబడకపోతే అలుగుతాం. దాతలను గౌరవించడం తప్పు కాదు. కాని మన పిల్లలు దానమంటే బోర్డు మీద పేరు అనే నేర్చుకుంటే, ఆ నష్టం మనదే. కొండమీద ప్రసంగంలో ప్రభువు రహస్య దానం గురించి నేర్పినది గురువులకూ కన్యాస్త్రీలకూ మాత్రమే కాదు, చెమటోడ్చి సైకిలు తొక్కేవారికి కూడా.

ఈ వారం మీ వీధిలో ఫీజు కట్టలేని పిల్లవాడు, మందులకు డబ్బులేని ముసలితల్లి, మతం వేరని అద్దెకు ఇల్లు దొరకని కుటుంబం ఉన్నారేమో చూడండి. చేయగలిగింది చేయండి. చేసి, ఇంటికి వచ్చి, ఎప్పటిలాగానే అన్నం తినండి.