పిల్లల రక్త క్యాన్సరుకు తొలి మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఫోలిక్ యాసిడ్ మాత్ర తెలియని ఇల్లు మన రాజుపాలెం చుట్టుపక్కల ఉండదు. గర్భిణీ స్త్రీలకు ఐరన్‌తో కలిపి ఇచ్చేది అదే. ఆ మాత్ర వెనుకా, రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకిచ్చే మందు వెనుకా ఉన్నది మన తెలుగువాడే. పేరు చెప్పమంటే మా తరగతి పిల్లలు దిక్కులు చూసినారు. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. బీద కుటుంబం. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి చిన్నచూపు చూసే వారికి ఈ సంగతి చెప్పవచ్చు.) తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి చదివించినారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

1922లో అమెరికాలోని బోస్టన్ చేరినారు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసి పొట్టపోసుకుంటూ హార్వర్డులో చదివినారు. ఫిస్కే దొరతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని కనిపెట్టినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరినారు. బోదకాలు మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

1945లో వీరి బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. రక్తహీనతకు బాగా పనిచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్ అలాంటి మందునే రక్త క్యాన్సరు పిల్లలకిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ముదిరినట్టు కనబడింది. అక్కడే కథ మలుపు తిరిగింది. ఆ విటమిను క్యాన్సరు కణానికి తిండి అయితే, అచ్చం దాని మాదిరే ఉండే నకిలీ సరుకు ఇస్తే? తాళంలో దూరుతుంది గాని తిరగదు, అటువంటి తాళంచెవి అన్నమాట. సుబ్బారావు గారి బృందం చేసి పంపిన అలాంటి మందుల్లో ఒకటి అమినోప్టెరిన్.

అప్పటికి ఈ జబ్బుకు మందే లేదు. పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు. పోయే బిడ్డల మీద ఈ ప్రయోగాలేమిటని తోటి డాక్టర్లే తప్పుబట్టినారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మందు విషం వంటిది, నోరంతా పుండ్లు పడేది. అయినా 1947 చివర్లో మొదలుపెట్టినారు. 16 మందిలో 10 మంది పిల్లలకు గుణం కనిపించింది. 1948 జూన్ 3న ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. అయితే గుణం కొన్ని నెలలే; జబ్బు తిరగబెట్టింది.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ ఏట న్యూయార్కులో గుండె జబ్బుతో మరణించినారు. వెళ్ళిన మనిషి స్వదేశం మళ్ళీ చూడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయినారు. 1995లో మన తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ళ వేసింది.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటిది మెథోట్రెక్సేట్. పిల్లల రక్త క్యాన్సరుకు దాన్ని తక్కిన మందులతో కలిపి నేటికీ రెండు మూడేళ్ళు వాడతారు. సౌకర్యాలున్న దేశాల్లో ఎక్కువగా వచ్చే రకానికి 10 మందిలో 9 మంది పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర అంత లేదు. బిడ్డ పాలిపోయి, జ్వరం విడవక, ఒంటిమీద కమిలిన మచ్చలు పడినా రక్తపరీక్షకు తీసుకుపోకపోవడం ఒక కారణం. కాస్త తేరుకోగానే ఖర్చుకు భయపడి మందు మధ్యలో మానేయడం ఇంకొకటి.