మూడవ సాలార్‌జంగు

హైదరాబాదు నగరమున మూసీనది దక్షిణపు ఒడ్డున ఒక గొప్ప వస్తు ప్రదర్శనశాల కలదు. అందలి వస్తువులలో పెక్కింటిని సేకరించినవాడు మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయననే మూడవ సాలార్‌జంగు అందురు.

ఆయన 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించెను. నెల నిండకమునుపే తండ్రి గతించెను. తాతయు, తండ్రియు నిజాము రాజ్యమునకు దివానులుగా నుండినవారు. ఆయనయు 1912లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, దివాను పదవి నధిష్ఠించెను. కాని 1914లోనే ఆ పదవిని విడిచెను. నాటినుండి కళాఖండములను కూర్చుటయే ఆయన జీవితవ్రతమయ్యెను. వివాహము చేసికొనలేదు. జాగీరు రాబడిలో అధికభాగమును ఇందులకే వెచ్చించెను. దేశవిదేశముల వర్తకులు ఆయన నివాసమగు దివాన్ దేవిడికి వచ్చుచుండిరి.

ఆయన సేకరించినవానిలో జేడ్ రాతి వస్తువులు ముఖ్యమైనవి. ఈ రాయి లేతాకుపచ్చగానో, తెల్లగానో ఉండును. చీనా దేశీయులు దీనిని బంగారముకంటె మిన్నగా నెంచిరి. వారి చక్రవర్తుల రాజముద్రికలు ఈ రాతితోనే చేయబడెడివి. ఇది ఉలికి లొంగదు. అంతకంటె గట్టియైన ఇసుకను తడిపి, ఓపికతో అరగదీసి రూపము కల్పింపవలెను. అందుచే దీనిపై చెక్కిన పేరు శతాబ్దములు గడచినను చెరగదు.

సాలార్‌జంగు కూర్చిన జేడ్ వస్తువులలో షాజహాను ఉంగరము ఒకటి. అల్లెత్రాటిని లాగునపుడు బొటనవ్రేలికి తొడుగుకొను ఆ ఉంగరముపై ఆ చక్రవర్తి బిరుదము చెక్కబడి యున్నది. జహంగీరు బాకును, నూర్జహాను పండ్లు కోయు కత్తియు అచటనే కలవు. ప్రభువులు గతించిరి, వారి వస్తువులు మాత్రము చేతులు మారుచు నిలిచినవి.

1949 మార్చి 2వ తేదీన సాలార్‌జంగు దివంగతుడయ్యెను. ఆయనకు సంతానము లేదు. బంధువులు పంచుకొన్నచో, జీవితమంతయు వెచ్చించి కూర్చిన ఆ నిధి చెల్లాచెదరై పోవలసినదే. కాని అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూ పండితుడు దివాన్ దేవిడిలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1958లో వారసులు సమ్మతించి, ఆ సంపదను ప్రభుత్వపరము చేసిరి. 1961లో పార్లమెంటు శాసనము చేసి, దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో అది మూసీ యొడ్డున నేటి భవనమునకు మార్చబడెను.

ఒకనాడు పాదుషా వ్రేలికి మాత్రమే దక్కిన ఉంగరమును నేడు పల్లెటూరి బాలుడును కన్నులార చూడగలడు. తనకు పిమ్మట ఎవ్వరిదగునో యెరుగకయే ఆయన కూర్చిన ధనము తుదకు ప్రజలందరి సొత్తయ్యెను.