పిల్లల ఉచ్చారణకు పెద్దపీట వేసిన విద్యాసాగరుడు

కోల్‌కతా: ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820 సెప్టెంబరు 26న మేదినీపుర్ ప్రాంతంలోని వీరసింహ గ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించారు. బాల్యంలో తండ్రి ఠాకుర్‌దాస్ వెంట కాలినడకన కలకత్తాకు వస్తూ, దారిలోని మైలురాళ్లను చూసి ఆంగ్ల అంకెలు నేర్చుకున్నారని ప్రతీతి.

నగరంలోని సంస్కృత కళాశాలలో చదివి, 1851లో దానికే ప్రిన్సిపాల్ అయ్యారు. 1855లో 'వర్ణపరిచయ్' రెండు భాగాలను వెలువరించారు. తాను సంస్కృత పండితుడే అయినా, సంస్కృత వర్ణమాలను యథాతథంగా పిల్లలపై మోపలేదు. బెంగాలీ వాడుకలో లేని దీర్ఘ ౠ, ౡలను తొలగించారు. జనం నోట వేరుగా పలికే డ, ఢ, యలకు చుక్క చేర్చి ప్రత్యేక స్థానం కల్పించారు.

బెంగాలీలో అనేక పదాల చివరి అకారం రాతలో ఉన్నా మాటలో వినిపించదు. అయినా బడుల్లో అన్నింటినీ అకారాంతంగానే పలికించేవారు. అందుకే తరువాతి ముద్రణల్లో, నిజంగా అకారంతో పలకవలసిన పదాల పక్కన నక్షత్రపు గుర్తు ఉంచారు. వరుసగా పదాల ఉచ్చారణే నేర్పితే పిల్లలకు విసుగు పుడుతుందని గ్రహించి, రెండో భాగంలో నడుమనడుమ చిన్న పాఠాలు చేర్చారు. వాటి అర్థాన్ని విడమరచి చెప్పే బాధ్యతను ఉపాధ్యాయులకు అప్పగించారు. బుద్ధిమంతుడు గోపాల్, చదువంటే గిట్టని రాఖాల్ ఈ పుస్తకంలోని బాలురే. ఆ నీతిబోధ పాళ్లు నేటి పాఠకులకు కాస్త ఎక్కువనిపించవచ్చు.

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వెనుక ఉన్నదీ ఆయన కృషే. కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణదేశ విద్యాసాగరుడిగా తెలుగువారు గౌరవించుకోవడానికి కారణమిదే. విద్యాసాగరుడు 1891 జులై 29న కలకత్తాలో కన్నుమూశారు. 'వర్ణపరిచయ్' నేటికీ అచ్చవుతోంది.