ముఖం ఆమెదే.. గొంతూ ఆమెదే! భానుమతి రూటే సెపరేటు

హీరోయిన్లకు వేరేవాళ్లు పాడే పద్ధతి వచ్చేసినా భానుమతి మాత్రం తన పాట తనే పాడుకున్నారు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన ఆమెకు తొలి గురువు తండ్రే. 1939లో ‘వరవిక్రయం’తో తెరకు పరిచయమయ్యారు. 1943లో పెళ్లయ్యాక సినిమాలు మానేద్దామనుకున్నారు. కానీ 1945లో ‘స్వర్గసీమ’ వచ్చింది. అందులో ఆమె పాడిన పావురం పాట మార్మోగిపోయింది. ఇక వెనక్కి చూడలేదు. ‘మల్లీశ్వరి’లో నటన, పాట పోటీపడ్డాయి. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. మరుసటి ఏడాది ‘చక్రపాణి’కి సంగీతమూ ఇచ్చారు.

రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతారంటారు. ఆమెకు మాత్రం రెండూ ఒకటే పడవ. హీరోయిన్ వేషాలు తగ్గాకా సంగీతం వదల్లేదు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపల్‌గానూ పనిచేశారు. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు.