సురవరం ప్రతాపరెడ్డి

రాజుల వంశావళులు, యుద్ధాలు, దానశాసనాలు చరిత్రగా చెలామణి అయిన కాలంలో, సామాన్య ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ పని చేసి బ్రతికారు అని విచారించిన చరిత్రకారుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో జన్మించారు. మద్రాసులో పట్టభద్రులై, న్యాయశాస్త్రం కూడా చదివారు. అయినా న్యాయవాద వృత్తి కన్నా ప్రజాసేవ వైపే ఆయన మనసు మొగ్గింది.

నిజాం పాలనలో తెలుగు పత్రిక నడపడం కత్తిమీద సాము. 1926లో ఆయన హైదరాబాదులో 'గోలకొండ' పత్రికను ప్రారంభించి, ప్రభుత్వ ఆంక్షల నడుమనే గ్రామీణుల కష్టాలను ప్రకటించారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. ఆక్షేపించినవారికి ఇంతకన్నా మర్యాదైన జవాబు ఉండదు.

1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఆయన కృషికి శిఖరం. శాసనాలు పలకని చోట ఆయన కావ్యాలను సాక్ష్యానికి పిలిచారు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక రూకకు దొరికిన భోజనం 'క్రీడాభిరామం'లో ఉంది. పాల్కురికి సోమనాథుని రచనల్లో జానపదుల ఆటపాటలున్నాయి. 'ఆముక్తమాల్యద'లో ముసురు పట్టిన పల్లె ఇళ్ళు, పొలాల్లోని రైతులు కనిపిస్తారు. 'హంసవింశతి'లో నానా వృత్తులవారూ, వారి పనిముట్లూ ఉన్నాయి. పండితులు అలంకారాలు వెదకిన పద్యాల్లో ఆయన శ్రమజీవుల ఇళ్ళను వెదకారు. ఈ మార్గంలో ప్రమాదం లేకపోలేదు. కవి చరిత్ర కోసం వ్రాయడు. వర్ణనలో అతిశయోక్తి సహజం. అందుచేత పురాణగాథలను వర్ణించే కావ్యాల కన్నా, కవి తన కాలపు వీథులను, ఇళ్ళను చూసి వ్రాసిన గ్రంథాలే ఇటువంటి చరిత్రకు ఎక్కువగా ఉపకరిస్తాయి.

ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం 1955లో ఈ గ్రంథానికే లభించింది. అప్పటికి గ్రంథకర్త లేరు. గండిమైసమ్మకు చేరువలోని బాచుపల్లిలో ప్రాంగణం గల తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టారు.